పైడమ్మ పిన్ని చేతి తొడుగులు

శనివారం, రాత్రి

మా ఊరి పైడమ్మ పిన్ని చేతులకు తెల్ల తొడుగులు తొడిగించాడు ఈ హోటలు మేనేజరు. తప్పు అతనిదే.

అక్కాబావల పెళ్ళిరోజుకని నిరుడు దిగిన ఈ సముద్రపు హోటలుకే మళ్ళీ వచ్చాం. నిరుడు పిన్ని వట్టి చేతులతోనే టీ ఇచ్చింది.

"ఇయ్యేటి పిన్నీ?" అన్నాను.

"పలాసలో జీడిపిక్కలు కొట్టిన సేతులు గదా నాయినా. నల్లమరకలు సూసి వొచ్చినోళ్ళు ఏవగించుకుంతన్నారట. నాతోపాటు పిక్కలు కొట్టి ఇక్కడ పనికొచ్చిన ఏడుగురికీ ఇయ్యే తొడిగించారు."

అంటూ ఆమె బల్లమీద పెట్టింది వేయించిన జీడిపప్పు! ఆ మరకలు లేకుండానే ఆ పప్పు వచ్చిందా?

దిగ్గున లేచాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "కూకో బామ్మర్దీ. కరపత్రాలు సదివి నా పెళ్ళిరోజు పాడుసేత్తావేటి?"

"గొడవొద్దు నాయినా, నా పని పోద్ది," అంది పిన్ని.

అక్కడ ఆగాను. నా కోపం ఆమెకు కూడు పెట్టదు.

"మీరెనిమిదిమందీ తొడుగులు ఒకేపాలి తీసేత్తే?" అన్నాను.

పిన్ని తలుపు దగ్గరికి వేసింది. "అందరూ తీత్తే నానూ తీత్తాను." మిగతా ఏడుగురికీ తనే ఫోను చేసింది. ఈలోగా బావ జీడిపప్పు గిన్నె ఖాళీ చేశాడు.

ఎనిమిదిమందినీ పొమ్మంటే... పొమ్మనమను, చూద్దాం. గదిలో దిగినవాణ్ణయినా నేనూ వాళ్ళ పక్కనే నిలబడతాను.

రేపు పొద్దున్న ఆరింటికి, హోటలు గేటు ముందు. అందరూ వట్టి చేతులతో రావాలి.