చంద్రమ్మగారి ఉయ్యాల

2009 అక్టోబర్ 14, బుధవారం

ఈ రోజు చంద్రమ్మగారిని మనుషుల్ని ఎత్తే మిషన్‌తో లేపాం. ఈ పరాయి దేశంలో, ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో నేను పనికి చేరిన ఈ రెండు నెలలూ ఆవిడను మంచం మీద నుంచి కుర్చీలోకి నేనొక్కదాన్నే ఎత్తాను. మన తెలుగు పెద్దావిడను ఆ మిషన్ గుడ్డలో వేసి మూటలా వేలాడదీయడం తప్పనిపించేది. సాయం పిలుద్దామంటే ఇంగ్లిష్‌లో నోరు పెగలదు. నడుము పట్టేసినా ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఎత్తబోతుంటే నడుము కలుక్కుమంది. ఇద్దరం పడిపోయేవాళ్లమే, మంచం పట్టుకుని ఆగాను. నర్సు మేరీ చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మిషన్ తెచ్చి, తనొక పక్క, నేనొక పక్క పట్టీలు తగిలించాం. ఆవిడ గాల్లోకి లేస్తుంటే తల వంచుకుని, "ఏమీ అనుకోకండి మామ్మగారూ" అన్నాను.

"అనుకునేదేముందే పిచ్చిపిల్లా! ఉయ్యాలలో ఉన్నట్టుంది. నువ్వెత్తినప్పుడల్లా ఎక్కడ పడేస్తావోనని కళ్లు మూసుకునేదాన్ని. నొచ్చుకుంటావని చెప్పలేదు."

రెండు నెలలు ఇద్దరం మొహమాటంతోనే గడిపామన్నమాట! నవ్వొచ్చింది. పడిపోయి ఉంటే, ఆ ఎముకలు...

ఇంటికొచ్చాక నడుము సంగతి మా ఆయనకు చెప్పేశాను. మందు రాసి, రేపు అడగాల్సిన మాట నేర్పారు. ఇక్కడే రాసుకుంటున్నాను: "మేరీ, ప్లీజ్ హెల్ప్ మీ."

పదిసార్లు పైకే చదివాను. రేపు నోరు పెగలాలి.