ఓరిన్‌కు విశ్రాంతి ఇవ్వండి

కాలేజీ సోదరసంఘం అధ్యక్షులు థడియస్ గారికి, ప్రభువు నామంలో మీ పాస్టర్ వందనాలు.

మీ సంఘ సోదరుడు ఓరిన్‌ను పాతిపెట్టి నెల దాటింది. సంస్మరణ సభలో మీ ఆచారం ప్రకారం అతని పేరు పిలిచి, జవాబు రాక ఏడ్చారు. శనివారాలు ముసలివాళ్ల ఇళ్లకు అతను మోసిన భోజనాలను మాత్రం మీలో ఎవరూ మోయలేదు. నిన్న నేనే తీసుకెళ్తే, చూపులేని మిస్ ఓడెస్సా నవ్వింది.

"ప్రసంగాలు పంచేవాడివి, రొట్టెలెప్పుడు మొదలెట్టావయ్యా? ఓరిన్ ఇందాకే ఇచ్చెళ్లాడు. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి పాపం. కూర్చోమంటే, 'నా తరవాత వచ్చేవాళ్లు లేరమ్మా' అన్నాడు."

అప్పటికే ఆమె బల్లమీద మొక్కజొన్న రొట్టె పొగలు కక్కుతోంది.

ప్రయాసపడి చనిపోయినవారికి విశ్రాంతి ఉందని బైబిల్లో ప్రకటన గ్రంథం ఘోషిస్తోంది. దాన్ని అతనికి దక్కనివ్వనిది మీరే! వచ్చే శనివారం కారు తీయండి. ఓరిన్ కంటే ముందే ఆమె తలుపు తట్టండి.