గిన్నెలోది పాచి కాదు

అత్తయ్యా,

పొద్దున డ్యూటీ పడింది, వెళ్తున్నాను. గట్టు మీద పెద్ద గిన్నెలో నానుతున్నది సముద్రపు నాచు. మామయ్యగారికి ముందే చెప్పండి. పోయినసారి పాచి పట్టిందనుకుని పారబోసి, గిన్నె తళతళలాడేలా తోమిపెట్టారు. అంత కష్టపడ్డ మనిషిని ఏమంటాను, మెచ్చుకుని ఊరుకున్నాను.

బాగా ఉబ్బాక నీళ్ళు వంపేసి, కత్తెరతో ముక్కలు చేసి, కూరగాయలు ఉడికాక చివర్లో వేయండి. ఉప్పు మాత్రం వేయకండి. సముద్రంలో పుట్టింది, దాని ఉప్పు దానికుంది.

"మా కోడలు గడ్డి పెడుతోంది" అని మీరు పక్కింటావిడతో అన్నది నాకు వినబడింది. కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

మీ కోడలు

మరిచాను, పై అరలో నేను దాచుకున్న కాల్చిన నాచు రేకులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఎలుక పనే అన్నారు మీరు. తిన్నాక మూత బిగించి, పైన రబ్బరు బ్యాండు కూడా వేసి వెళ్ళే ఎలుకను నేనింతవరకు చూడలేదు. మోకాళ్ళ నొప్పులతో అది స్టూలెక్కడం నాకిష్టం లేదు. కొత్త డబ్బా కింది అరలో పెట్టాను.