అయిదూ ముప్పై

ఏప్రిల్ 3, 2003, గురువారం

మ్యూజియం వాళ్ళు పని అప్పగించారు. హ్యాంగర్‌లో ఉన్న మిగ్-15 యుద్ధ విమానం సర్వీస్ చరిత్ర ఒక పేజీలో రాయాలి. మే 8న, ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు పండగకి, బోర్డు పెడతారు. మ్యూజియం చూసుకునే ద్రహొమీరా లాగ్‌బుక్ నా చేతిలో పెట్టి, ఎతెలా గారూ, అప్పట్లో ఇక్కడ రికార్డు గుమాస్తా మీరే కదా, మీకంటే ఎవరికి తెలుస్తుంది అంది. పాపం, పొగిడాననుకుంది.

విమానం నంబరు 53. లోపల చేతిరాత నాదే.

ఏప్రిల్ 4

లాగ్‌బుక్ తెరవలేదు. కిటికీలు తుడిచాను.

ఏప్రిల్ 10, గురువారం

విమానం ముక్కు మీద నంబరు మళ్ళీ పెయింట్ చేయడానికి ఓ పాత మెకానిక్‌ను పిలిపించారు. వచ్చింది ఓట్మార్. నలభై ఆరేళ్ళ తర్వాత. నన్ను గుర్తుపట్టి తల ఊపాడు, అంతే. రెక్క మీద మూడు రంగుల గుండ్రటి వైమానిక దళం గుర్తులో నీలం ముక్క ఎటు తిరగాలో పాత ఫొటో పెట్టుకుని చూశాడు. ఏదడిగినా కాగితం మీద రాసిస్తున్నాడు. గొంతు పోయిందా అని ద్రహొమీరా నన్ను చాటుగా అడిగింది. తెలియదన్నాను.

ఏప్రిల్ 11, ఉదయం 6

రాసేస్తాను. ఎవరు చదవొచ్చారు.

1957. నాకు పందొమ్మిదేళ్ళు. స్లొవాకియా నుంచి ఈ ఎయిర్‌బేస్‌కి వచ్చి మూడు వారాలు. మా వైపు ముప్పై అయిదు అంటే ముప్పై అయిదే. ఇక్కడి మొరావియా వాళ్ళు తిరగేసి చెబుతారు, అయిదూ ముప్పై అని. ఓట్మార్ హ్యాంగర్ నుంచి ఫోన్ చేశాడు. అయిదూ ముప్పైకి తోక దగ్గర కంట్రోల్ రాడ్ పగిలింది, ఎగరనివ్వొద్దు అన్నాడు. చెప్పి సెలవు మీద ఇంటికి వెళ్ళిపోయాడు. నేను విన్న వరుసలోనే అయిదు వేశాను, పక్కన మూడు వేశాను.

53 నేల మీద ఆగిపోయింది. 35 మర్నాడు ఎగిరింది. లెఫ్టినెంట్ వితెస్లావ్ దుంపల పొలంలో కూలి చనిపోయాడు. పెళ్ళి కుదిరిన మనిషి.

మెకానిక్ ఫోన్‌లో ఏ నంబరు చెప్పాడని విచారణలో నన్ను అడిగారు. అప్పటికే నాకు అర్థమైపోయింది. యాభై మూడు అన్నాను. గొంతు కూడా వణకలేదు.

తాను సరిగ్గానే చెప్పానని ఓట్మార్ రెండు రోజులు అరిచాడట. మూడో రోజు, నోరు జారి ఉండొచ్చు అని సంతకం పెట్టాడు. మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ ఏడాదే నాకు ప్రమోషన్ వచ్చింది. సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఏప్రిల్ 17

చెప్పేద్దామని వెళ్ళాను. థర్మాస్‌లో నాకు కూడా కాఫీ తెచ్చాడు. తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 18

ద్రహొమీరా ఫోన్. 53కి రాడ్ పగిలిందని తన దగ్గరున్న లాగ్‌బుక్ జెరాక్సులో ఉందట, వారం తర్వాత ఏ లోపమూ లేదని ఉందట. మెకానిక్ తప్పు నంబరు చెప్పాడని బోర్డు మీద వేద్దాం, పేరు వద్దులెండి అంది. ఓట్మార్‌నే అడిగిందట. నిజమే, తప్పు నాదే అని రాసిచ్చాడట.



ఏప్రిల్ 24

చెప్పాను. ఆయన నిచ్చెన మీద నిలబడి 5 అంచు దిద్దుతున్నాడు. కింద నుంచే అన్నాను: "ఓట్మార్, ఆ రోజు మీరు సరిగ్గానే చెప్పారు. అయిదూ ముప్పై అన్నారు. నేనే తప్పు రాసుకున్నాను. తెలిసి తెలిసి అబద్ధమాడాను."

బ్రష్ కడిగాడు. గుడ్డతో తుడిచాడు. మెల్లగా దిగాడు.

"మా ఆవిడ పోయేముందు ఒక్క మాట మాట్లాడవయ్యా అంది," అన్నాడు. గొంతు బాగానే ఉంది. "ఈ నోటితో ఒకణ్ణి చంపాను కదా అని, ఆ మాట కూడా కాగితం మీదే రాసిచ్చాను, ఎతెలా. అప్పటికి దానికి చూపు ఆనడం లేదు."

క్షమించమని అడగాలని వెళ్ళాను. ఇంక ఏ మొహంతో అడుగుతాను.

ఏప్రిల్ 25

బోర్డు రాశాను, తప్పు ఎవరిదో, అబద్ధం ఎవరిదో. నా పేరు పూర్తిగా వేశాను. పండగ పూట ఇవన్నీ ఎందుకండీ అంది ద్రహొమీరా. ఒక్క అక్షరం తీసినా లాగ్‌బుక్ పేపరువాళ్ళకిస్తానని బెదిరించాను.

మే 8

జనం బాగా వచ్చారు. ఓట్మార్ విమానం పక్కన నిలబడి రెండు గంటలు ఆపకుండా మాట్లాడాడు. రంగుల గురించి, రాడ్ల గురించి, వాళ్ళావిడ చేసే ప్లమ్ ఉండల గురించి. వచ్చిన ప్రతివాళ్ళతోనూ.

నాతో తప్ప.