మరిదికొచ్చిన వాటా

మార్చి 4, మంగళవారం
మధ్యాహ్నం, మందుల షాపు నుంచి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

అక్క దీవించి రాస్తున్నది. మేమిక్కడ కులాసా. మీ బావగారు రోజూ పొద్దున్నంతా జూనియర్ గోల్‌కీపర్లను నేలమీద దొర్లించి, వాళ్ళకంటే ఎక్కువ మట్టి తాను అంటించుకొచ్చి, అదే నిక్కరుతో సోఫాలో కూర్చోబోయి నాచేత తిట్లు తింటున్నారు. క్యాంపులో నువ్వు, మరిది, పిల్లది కులాసాగా ఉన్నారని తలుస్తాను. సముద్రపు గాలికి నీ దగ్గు తగ్గకపోతే చెప్పు, సిరప్ మారుద్దాం.

ఇక నువ్వడిగిన సంగతి. కొత్త కాంట్రాక్టులో జీతం కొంత తగ్గించుకుంటే క్లబ్బులోనే వాటా ఇస్తామంటున్నారని, పదిహేనో తేదీలోగా చెప్పాలని, వదిననడిగి చెప్పమని మరిది అన్నాడని మెసేజ్ పెట్టావు. ఫోన్ చేస్తే నా గొంతులో తేడా పట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

దాచడమెందుకు, నాకు కుళ్ళుగా ఉంది. వాటా అన్న మాట చదవగానే కడుపులో మంట మొదలైంది. షాపు నిండా దానికి మాత్రలున్నాయి, ఒక్కటీ పనిచెయ్యలేదు. నిన్న ఒకాయన కళ్ళల్లో వేసుకునే చుక్కలకని వచ్చి, మీ మరిదిగారు క్లబ్బుకే యజమాని అవుతున్నారటగా అని చేతులు నలుపుకున్నాడు. మా ఆయన పేరెత్తుతాడేమోనని చిల్లర ఆలస్యంగా ఇచ్చాను. ఎత్తలేదు. చుక్కలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పేపర్లో పడిన ఫోటో, అదే, ఛైర్మన్‌గారు మీ ఆయన భుజమ్మీద చెయ్యేసినది, మీ బావగారు కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించారు. పాల ప్యాకెట్ కోసం వెళ్ళినప్పుడల్లా మీ ఆయన ముప్ఫై రెండు పళ్ళూ నాకే కనిపిస్తున్నాయి. ఒకసారి దానిమీద కరెంటు బిల్లు అంటించాను. సాయంత్రానికల్లా బిల్లు తీసి టీవీ పక్కన పెట్టేశారు.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? పద్నాలుగేళ్ళు ఆ గోలు ముందు నిలబడిందెవరు? ఎవడో తన్నిన బంతి ఆపబోయి విరిగిన వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు, గ్లాసు పట్టుకుంటే చూడు. మీ ఆయన్ని ఆ క్లబ్బు గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందీ, వీణ్ణి ఒక్కసారి ఆడించి చూడండని కోచ్ వెంటపడిందీ ఆ అన్నే. గోలు వేసినవాడికి వాటా, ఆపినవాడికి విజిలు. ఇదీ న్యాయం!

నువ్వు మంచిదానివి, చెల్లీ. అదే నా ఖర్మ. కాస్త టెక్కు చూపించే తోడికోడలివైతే హాయిగా నాలుగు తిట్టుకుని పడుకునేదాన్ని. నువ్వేమో కొత్తగా ఏది వచ్చినా ముందు నన్నే అడుగుతావు.

సరే, సలహా అడిగావు కాబట్టి చెబుతున్నాను. మరిదిని వద్దనమను. జీతం జీతంగా పుచ్చుకోండి. వాటా అంటే కాగితమే కదా, జట్టు రెండేళ్ళు వరసగా ఓడిందంటే ఆ కాగితం ఏ షాపువాడూ తీసుకోడు. పైగా నిన్నటిదాకా పక్కన కూర్చుని బూట్లు విప్పుకున్నవాళ్ళు, రేపటినుంచి యజమాని వచ్చాడని మాట తగ్గిస్తారు. పాస్ ఇవ్వని వాణ్ణి మీ ఆయన తిడితే, ఆటగాడు తిట్టాడనుకోవాలా, యజమాని తిట్టాడనుకోవాలా? ఇంకొకటి, రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. జూన్‌లో ఏ కోచ్‌ని ఉంచాలో, ఎవరిని పంపించాలో వాటాదార్లు కూర్చుని తేలుస్తారు. ఆ జాబితాలో మీ బావగారి పేరు కూడా ఉంటుంది. అన్నయ్య ఉండాలా పోవాలా అని తమ్ముడు చెయ్యెత్తే రోజు మనకెందుకు? ఆ రోజు తర్వాత మనమిద్దరం ఒక వంటింట్లో ఎలా నిలబడతాం?

కాబట్టి నా మాట విను. పిల్లదానికి ముద్దులు. మరిదికి నా ఆశీస్సులు, మడమకు ఐసు పెట్టుకోవడం మానొద్దని చెప్పు.

ఇట్లు,
మీ మేలు కోరే
అక్క

తా.క. బుధవారం. అంటించిన కవరు చింపి ఇది కలుపుతున్నాను. పైన రాసినదాంట్లో కుళ్ళు నిజం, సలహా అబద్ధం.

పదకొండేళ్ళ కిందట క్లబ్బు జీతాలివ్వలేక చతికిలబడినప్పుడు, ఛైర్మన్‌గారు ఇదే మాటతో మీ బావగారికి ఉత్తరం రాశారు. వేరే జట్టుకు పోకుండా ఉంటే జీతంలో కొంతకు బదులు వాటా ఇస్తామని. అప్పుడాయన కుడి భుజానికి ఆపరేషనై, చెయ్యి మెడకు కట్టుకుని ఆసుపత్రిలో ఉన్నారు. ఆ నెల ఆయన సంతకాలన్నీ నేనే పెట్టాను. ఆ ఉత్తరమూ నేనే విప్పాను. మునిగిపోయే క్లబ్బులో వాటా ఎవరిక్కావాలనుకున్నాను. మాకు జీతమే ఇవ్వండని రాసి, ఆయన సంతకం గీకి పంపేశాను. ఆయనకు చెప్పలేదు. కాదన్నవాణ్ణి మళ్ళీ అడగడం ఛైర్మన్‌గారికి నామోషీ, ఆయనా ఎత్తలేదు. తర్వాత క్లబ్బు కోలుకుంది. నేను నోరు మూసుకున్నాను.

మొన్న పేపరు మడుస్తూ మీ బావగారు, పోనీలే, నన్నడిగేంతటి ఆటగాణ్ణి కాదుగా నేను, అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఇప్పుడు మరిది సంతకం పెట్టాలంటే మీ వకీలు క్లబ్బు పాత కాగితాలన్నీ తిరగేస్తాడు, అందులో నా చేతిరాత బయటపడుతుంది. వద్దనమని రాసింది ఆ భయంతోనే.

ఈ పొద్దున ఆయనకు చెప్పేశాను. గ్రౌండుకు బయల్దేరుతున్నారు. ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నన్నడిగారా, అన్నారు. అడిగారన్నాను. మళ్ళీ అదే, నన్నడిగారా అని. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తర్వాత, మరి మరదలికి ఏమని రాశావన్నారు. ఈ కాగితాలు చేతిలో పెట్టాను. మొత్తం చదివారు. ఒక్క అక్షరం మార్చకుండా పంపు, తను అక్కా అని పిలుస్తున్నది ఎవర్నో ఆ అమ్మాయికీ తెలియాలి అని, రెండో బూటు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఏమీ మార్చలేదు. మరిదిచేత సంతకం పెట్టించు.