మల్లె కొమ్మలకు వేర్లు వచ్చాయి

నాచారం, 9-8-2004

హిమజకు, ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం.

నీ మల్లె కొమ్మలు బతికాయి. ఇన్నాళ్లూ ఒక సంగతి దాచాను. నువ్వు పుట్టింటికి వెళ్లిన వారానికే అమ్మ వాటిని ఎండుపుల్లలనుకుని పీకేసింది. మీ నాయనమ్మ పెంచిన మల్లెచెట్టును రోడ్డు కోసం కొట్టేశారని, మిగిలినవి ఈ ఐదు కొమ్మలేనని నేను చెప్పగానే ఏడ్చేసింది. మళ్లీ గుచ్చి, కుండీని నీడకు జరిపి, రోజూ తనే నీళ్లు చిలకరించింది. మూడు కుళ్లిపోయాయి. నిన్న కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేరు కనిపించింది. "బతికినయ్ రా కనకరాజూ! గిప్పుడన్న కోడలికి రాయి. పీకింది నేనే అని గూడ రాయి" అన్నది.

డాక్టరమ్మ కాన్పుకు ఏ తారీఖు చెప్పింది? మందులు మానకు. అత్తమ్మకు, మామయ్యకు నమస్కారాలు. జవాబు మాత్రం అమ్మ పేరునే రాయి, నేను చదివి వినిపిస్తాను.

కనకరాజు