నువ్వు దాచిన తెల్లపొడి

నాన్నా,

నువ్వు ఎక్స్‌రే మెషిన్ నడిపిన ఢిల్లీ ల్యాబ్‌లోనే నేనిప్పుడు రీసెర్చి చేస్తున్నాను. పది నిమిషాల స్కాన్ చూసి, లోపల అణువులకి ఏ క్రమమూ లేదని అందరూ పారేయమన్న తెల్లపొడి ఇక్కడి నీ బీరువాలో దొరికింది. సీసా మీద "నిదానంగా చూడాలి" అని తెలుగులో రాసుకున్నావు. ఇక్కడ అది నేనొక్కదాన్నే చదవగలను.

ఇవాళ పొద్దుటి నుంచి ఆ పొడి మీద మెషిన్‌ని నీలాగే నెమ్మదిగా నడిపాను. సాయంత్రానికి, తెర మీద మొద్దుగా ఉన్న స్కాన్ గీతలో మూడు సన్నని మొనలు తేలాయి. అంటే ఆ పొడిలో అణువులు అక్కడక్కడా బుద్ధిగా వరస కట్టి ఉన్నాయి నాన్నా!

"అచ్ఛా! ఇంత ఓపిక ఏ ప్రొఫెసర్ నేర్పాడు బేటా?" అన్నారు కొత్తగా వచ్చిన సర్.

"ఈ మెషిన్ ఆపరేటర్ సర్. మా నాన్న," అన్నాను.

ఇన్నేళ్లూ ఏ రీసెర్చి పేపర్లోనూ లేని నీ పేరు ఈసారి రచయితల వరసలో నా పక్కనే ఉంటుంది. దాని మీద, చనిపోయిన రచయితల పేర్లకి పెట్టే, నువ్వు లేవని చెప్పే చిన్న గుర్తు.